గ్రహణం పూట నేను తిన్న మూడు గుడ్లు

మొన్న శుక్రవారం ఉదయం, అదే గ్రహణం పట్టిన పూట, మన పార్కులో పెద్ద ఓక్ చెట్టు కింద మీరేం చూశారో చెప్పండి. చూడలేదనకండి. మీలో సగంమంది బస్సుకి ఆ దారినే పోతారు. చెట్టు మొదట్లో ఎర్రటి బట్ట పరిచి ఉంది. దాని మీద పసుపుపచ్చ పూలు, కొవ్వొత్తులు, పాలగిన్నె, గడ్డితో చేసిన కుందేలు, జడలా అల్లిన రొట్టె. మధ్యలో రంగులు వేసిన మూడు కోడిగుడ్లు. చూశారు. చూసి తల తిప్పుకుని పోయారు. నేను తిప్పుకోలేదు. అందుకే మీరు హాయిగా ఉన్నారు. నేను డెబ్బై ఒకటో ఏట ఇంకొకళ్ళ పూజలో గుడ్లు తినేసినవాడినని పేరు తెచ్చుకున్నాను.

ఇందులో మీ పాత్ర కూడా ఉంది. గొడవ గురువారం మన తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో మొదలైంది. గ్రహణం ఎనిమిదిన్నర నుంచి పదిన్నర దాకా, ఈలోపు ఏమీ తినకూడదు, తాగకూడదు, కడుపుతో ఉన్నవాళ్ళు కిటికీ దగ్గరికి కూడా పోకూడదు అని ఒక మెసేజ్. పంపిన మనిషి డాక్టరు. పేరు రాయను, మీరంతా బీపీ మాత్రలు ఆయన్నే అడుగుతారు. నేను ఊరుకుంటానా?

"డాక్టరు గారూ, మీ వార్డులో ఆ రెండు గంటలూ సెలైన్ బాటిళ్ళు కూడా ఆపేస్తారా?" అని పెట్టాను.

ఆయన రెండు దండాలు పంపాడు. ఎవరో కుర్రాడు, "అంకుల్, ఎవరి నమ్మకం వాళ్ళది, లైట్ తీసుకోండి" అన్నాడు. నాకు లైట్ తీసుకోవడం రాదు. ఇంకో నాలుగు మెసేజ్‌లు పెట్టాను, ఒక్కోటి మూరెడు పొడుగు. అయిదోది రాస్తుండగా ప్రెసిడెంటు గారు నన్ను గ్రూపులోంచి తీసేశారు. సంఘం పత్రికలోంచి కూడా తీసేసే దాకా ఇందులో రాస్తూనే ఉంటాను.

ఆ గ్రూపులో రోజుకి నలభై గుడ్ మార్నింగులు వస్తాయి. పువ్వులు, దేవుళ్ళు, పొగలు కక్కే కాఫీ కప్పులు. ఒక్కటీ ప్రత్యేకంగా నాకని పంపింది కాదు. అయినా ఫోన్ మోగేది. శుక్రవారం పొద్దున మోగలేదు.

నా భార్య సుశీల ఇంగ్లండొచ్చి ఈ ఊరి ఆసుపత్రిలో ముప్ఫయ్యేళ్ళు నర్సుగా చేసింది. ఇంజెక్షన్లు చేసిన చేత్తోనే గ్రహణం రోజున పెరుగు గిన్నెలో గడ్డిపోచ వేసేది. దర్భ దొరక్క పెరట్లో లాన్‌లోంచి పీకేది. "నర్సువై ఉండి సిగ్గు లేదా?" అంటూ నేను పోచ తీసి పారేసేవాణ్ణి. నేను అటు తిరగ్గానే ఇంకోటి వేసేది. ఆమె పోయి మూడేళ్ళు. మొన్న పొద్దున ఫ్రిజ్ తెరిచి పెరుగు గిన్నె మూత తీసి చూశాను. తీసి పారేయడానికి అందులో ఏమీ లేదు.

అప్పుడు నిశ్చయించుకున్నాను. సరిగ్గా గ్రహణం మధ్యలో, పార్కులో, నలుగురూ చూస్తుండగా తింటాను. ఫోటో తీసి ప్రెసిడెంటుకి పంపిస్తాను. రెండు రొట్టెముక్కల మధ్య ఆమ్లెట్ పెట్టి, టిఫిన్ బాక్సులో సర్దుకుని బస్సెక్కాను. పార్కు దగ్గర దిగాను. బాక్సు దిగలేదు. ఇరవై రెండేళ్ళు ఈ ఊళ్ళో బస్సు నడిపి, జనం మర్చిపోయిన గొడుగులూ కట్టుడుపళ్ళూ డిపోలో అప్పజెప్పిన మనిషిని నేను. నా ఆమ్లెట్ నన్ను వదిలేసి టౌన్ సెంటర్‌కి పోయింది.

టైము తొమ్మిదింబావు. వెలుగు తగ్గుతోంది. చలి పెరిగింది, పిట్టలు అరవడం మానేశాయి. పొద్దుటినుంచి పచ్చిమంచినీళ్ళు తాగలేదు, పంతం కోసం ఆకలి దాచిపెట్టుకుని వచ్చాను. అప్పుడు చెట్టు కింద ఆ గుడ్లు కనపడ్డాయి.

ఇక్కడ మీకు ఒక పాత సంగతి చెప్పాలి. ఒంగోలు దగ్గర పల్లెలో నాకు తొమ్మిదేళ్ళప్పుడు, మా ఇంట్లో రెండు రోజులు పొయ్యి వెలగలేదు. మూడు దారులు కలిసే చోట ఎవరో దిష్టి తీసి పెట్టారు. పసుపన్నం, నిమ్మకాయ, కోడిగుడ్డు. దాన్ని దాటితేనే కాళ్ళు పడిపోతాయని చెప్పేవాళ్ళు. నేను కూర్చుని తిన్నాను. నిమ్మకాయ కూడా వదల్లేదు. తర్వాత చావు కోసం సాయంత్రం దాకా గట్టు మీద కూర్చున్నాను. చావు రాలేదు, మళ్ళీ ఆకలి వచ్చింది. ఆ రోజు నుంచి నేను దేన్నీ నమ్మను. పెద్దయ్యాక ఊరూరా తిరిగి, చేతబడి అని జనం వణికే చోటల్లా నిలబడి ఆ గుడ్లు తిని చూపించాను. కొన్ని ఊళ్ళలో చప్పట్లు కొట్టారు, కొన్ని ఊళ్ళలో నన్ను కొట్టారు.

ఇప్పుడు మీరే ఆలోచించండి. అమావాస్య, శుక్రవారం, పైగా గ్రహణం. చెట్టు కింద ఎర్రబట్ట, గుడ్లు, గుడ్ల మీద సూదితో గీసిన గీతలు. నాకేమనిపిస్తుంది? మనవాళ్ళే అనిపించింది. సముద్రాలు దాటొచ్చి, ఇల్లు కొని, కారు కొని, చివరికి ఇంగ్లీషు చెట్టు కింద కూడా చేతబడి పెట్టారనిపించింది. ఒళ్ళు మండిపోయింది. బట్ట పక్కన చతికిలబడ్డాను. మొదటి గుడ్డు పగలగొట్టాను. బాగా ఉడికింది. ఉప్పు లేదన్న లోటు తప్ప వంక పెట్టడానికేమీ లేదు. రెండోదీ తిన్నాను. మూడోది నోట్లో పెట్టుకుని, ఫోన్ చెయ్యి చాచి పట్టుకుని ఫోటో తీశాను. ఫోటోలో గ్రహణం పడలేదు. నా బుగ్గ పడింది, బుగ్గ వెనక ఆకుపచ్చ దుప్పటి కప్పుకుని, తలకి తీగ చుట్టుకుని, చేతిలో చిల్లుల గిన్నెతో నడిచొస్తున్న మోరీన్ పడింది.

మోరీన్ మా పక్కింటామె. స్కూల్లో పిల్లలకి అన్నం వడ్డించి రిటైరయింది. మా రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. ఆమె కెటిల్ మరిగితే నాకు వినిపిస్తుంది, నాది మరిగితే ఆమెకి వినిపిస్తుంది. రోజూ పొద్దున చెత్తడబ్బాల దగ్గర, "ఆల్‌రైట్, మీ డక్?" అంటుంది. బాగున్నావా, నా బాతూ అని. ఈ ఊళ్ళో ప్రేమగా అలా అంటారు. "ఆల్‌రైట్" అంటాను నేను. అంతే మా మాటలు. కానీ కొన్ని రోజులు నాతో ఎవరైనా మాట్లాడిన మాట అదొక్కటే. పోయిన జనవరిలో ఒక వారమంతా అదొక్కటే, నేను లెక్కపెట్టుకున్నాను.

ఆ మనిషి నా ఎదురుగా నిలబడింది. నా నోట్లో గుడ్డు. మింగలేను, ఉమ్మలేను.

"కోటయ్యా," అంది, "నువ్వు తింటున్నది ఏమిటి?"

వెనక ఇంకో ఇద్దరు వచ్చారు. గడ్డం అబ్బాయి పేరు గారెత్, చలికోటు మీద పూలదండ వేసుకున్న అమ్మాయి పేరు హానా. గ్రహణం చూడ్డానికి దిబ్బ ఎక్కారట. మబ్బు తొలగినప్పుడల్లా ఆ చిల్లుల గిన్నెలోంచి కాగితం మీద పడే చిన్నచిన్న సూర్యుళ్ళని చూసి దిగొస్తున్నారు.

గారెత్ పెంకుల వంక చూశాడు. కోప్పడలేదు. ఈ దేశంలో కోప్పడాల్సిన చోట వివరంగా చెప్తారు, అది ఇంకా కష్టం. ఇవాళ పగలూ రాత్రీ సమానమట. చలికాలం ఓడిపోయే రోజట. వీళ్ళకి చర్చి లేదు, చెట్లే గుడి. కుందేలంటే వసంతమట, గుడ్డంటే కొత్త ప్రాణమట. ఉల్లిపొట్టుతోనూ బీట్‌రూట్‌తోనూ గుడ్లకి రంగు వేసి, ఎవరి గుడ్డు మీద వాళ్ళు ఈ ఏటికి కావలసింది గీసుకుని, చెట్టు మొదట్లో పాతిపెడతారట. నేలలోంచి చిగురొచ్చినట్టు కోరిక కూడా పైకి వస్తుందట.

"మరి ఎవరైనా తింటే?" అన్నాను ఎట్టకేలకు మింగి.

"ఇంతవరకూ ఎవరూ తినలేదు," అన్నాడు గారెత్.

"నాది స్టీరింగ్ బొమ్మ. డ్రైవింగ్ టెస్టు. నాలుగుసార్లు ఫెయిలయ్యాను," అని కూడా అన్నాడు.

హానా నా పొట్ట వంక చూస్తూ నెమ్మదిగా, "నాది ఉయ్యాల," అంది. "పాప కోసం."

నేను పొట్ట మీద చెయ్యి పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో తెలియదు. హానా నవ్వు ఆపుకోలేక చెట్టు వెనక్కి పోయింది.

"నీదేమిటి మోరీన్?" అన్నాను.

ఆమె బట్ట దులిపి మడతపెట్టింది, పాలు చెట్టు మొదట్లో పోసింది, రొట్టె సంచీలో పెట్టుకుంది. నేను సారీ అన్నాను, మూడుసార్లు. నమ్మకాల మీద యాభయ్యేళ్ళు మైకు లేకుండా ఉపన్యాసాలిచ్చిన నోటికి ఆ పూట ఆ ఒక్క మాటే దొరికింది. ఆమె తల ఊపి వెళ్ళిపోయింది. డక్ అనలేదు.

పెంకులు ఏరి రుమాల్లో కట్టుకుని ఇంటికొచ్చాను.

మర్నాడు ఉగాది. మీరంతా హాల్లో పంచాంగం విన్నారు. నేను చెత్తడబ్బాల దగ్గర నిలబడ్డాను. ఏడింటికి ఒకసారి, ఎనిమిదికి ఒకసారి. ఖాళీ డబ్బా ఎన్నిసార్లు తీసుకెళ్ళి పెడతాం? ఆమె రాలేదు. గోడకి చెవి ఆనించాను. కెటిల్ కూడా మరగలేదు.

ఆదివారం బ్రాక్‌నెల్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. వారానికోసారి కారులో స్పీకర్ మీద మాట్లాడుతుంది.

"ఏం తిన్నారు నాన్నా?" అంది మామూలుగా.

చెప్పాను.

కాసేపు ఇండికేటర్ చప్పుడు వినిపించింది. "నాన్నా, అడగకుండా ఎవరి ఫుడ్డో ఎలా తినేస్తారు? పోలీసుల్ని పిలిస్తే?"

వెనక సీట్లోంచి మనవరాలు, "Did Thatha eat the Easter eggs?" అంది.

"పెట్టేస్తున్నా, రౌండబౌట్ వచ్చింది," అంది మా అమ్మాయి.

ఆ రోజూ కెటిల్ మరగలేదు. అప్పుడు భయమేసింది. దిష్టిగుడ్డు తిన్న నాడు కూడా వెయ్యని భయం. చచ్చిపోతానని కాదు, పొద్దున్నే నన్ను పలకరించే గొంతుని గుడ్డుతో పాటు మింగేశానేమోనని. అది తొమ్మిదేళ్ళప్పుడు నాకు తెలియని సంగతి.

సోమవారం పొద్దున డజను ఉల్లిపాయలు ఒలిచాను. పొట్టు నీళ్ళలో వేసి మూడు గుడ్లు ఉడికించాను. ఒకదానికి కొంచెం పసుపు కూడా రాశాను. సుశీల చూసుంటే ఈ మనిషికి జ్వరమని థర్మామీటర్ తెచ్చేది. ఇన్నాళ్ళూ అలాంటి గుడ్లు తిన్నవాణ్ణే గానీ తయారుచేసినవాణ్ణి కాదు. సూది పట్టుకుని గారెత్‌కి స్టీరింగ్ గీశాను, హానాకి ఉయ్యాల గీశాను. మూడోది ఏం గీయాలో తెలియలేదు. రుమాలు విప్పి పెంకులు బల్ల మీద పేర్చుకున్నాను. గంటసేపు కళ్ళద్దాలు తుడుచుకుంటూ కలిపితే, ఒక కప్పు బొమ్మ వచ్చింది. పక్కన ఇంకో కప్పు. అంతే. అవే గీశాను.

తలుపు కొట్టాను. మోరీన్ ముక్కు ఎర్రగా, చేతిలో టిష్యూలతో తీసింది. శుక్రవారం చెప్పుల్లేకుండా మంచులో నడిస్తే జలుబు పట్టిందట. రెండు రోజులూ మంచం దిగలేదట.

"నా మీద కోపం కాదా?" అన్నాను.

"కోపమే," అంది. "కానీ లేచి చూపించే ఓపిక లేకపోయింది."

గుడ్లు ఇచ్చాను. మూడోదాన్ని వెలుగులో తిప్పి చూసింది.

"డెరెక్ పోయి అయిదేళ్ళయింది," అంది. డెరెక్ ఆమె భర్త. "రోజూ ఒకే కప్పు కడుగుతాను. ఎదురుగా కూర్చుని తాగే మనిషి ఎవరైనా చాలని గీసుకున్నాను. దాన్ని నువ్వు ఉప్పు కూడా లేకుండా తిన్నావు."

సారీ అన్నాను, అది నాలుగోసారి.

"గుడ్లు నేను పాతిపెడతాలే," అంది. తలుపు సగం వేసి మళ్ళీ తెరిచింది. "గురువారం నాలుగింటికి కెటిల్ పెడతాను. గోడ అవతలనుంచి వినకు, రా. సరేనా, మీ డక్?"

నిన్న డిపోకి వెళ్ళి నా టిఫిన్ బాక్సు తెచ్చుకున్నాను. ఆమ్లెట్ సంగతి అడక్కండి. ఇవాళ బుధవారం. గారెత్‌కి ఆదివారం నుంచి డ్రైవింగ్ నేర్పిస్తానని ఒప్పుకున్నాను. హానా సంగతి నా చేతుల్లో లేదు. ఇక మిగిలింది మూడో గుడ్డు. గుడ్డు మీద గీసుకున్న కోరికలు తీరవని యాభయ్యేళ్ళు అరిచిన మనిషిని నేను. రేపు నాలుగింటికి నేను వెళ్ళి ఆ రెండో కప్పు ముందు కూర్చుంటే ఆమె కోరిక తీరినట్టే. వెళ్ళకపోతే నా మాట నిలబడుతుంది, దాంతో పాటు నేనూ నా కెటిల్ ముందు ఒక్కణ్ణే నిలబడతాను. చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీ మీద పెట్టాను. మీరైతే ఏం చేస్తారు?