పన్ను మెత్తబడేదాకా

మునీశ్వరిది కలకడ దగ్గర పల్లె. అమ్మానాన్నా వేరుశెనగ చేలల్లో కూలీలు. ఆ ఇంట్లో నెలజీతం చూసిన మొదటి మనిషి ఆమే. కుప్పంలో ఒక ల్యాబులో టెక్నీషియన్. రోగుల ఒంట్లోంచి తీసిన కండను మైక్రోస్కోపు కింద చూసేందుకు సిద్ధం చేయడం ఆమె పని.

2003లో ఒక మధ్యాహ్నం పుంగనూరు నుంచి చెంగల్రాయుడు వచ్చాడు. క్వారీలో రాళ్లు కొట్టే మనిషి. భార్య పూలమ్మ దవడ వాస్తే, మదనపల్లెలో డాక్టరు లోపల ఇరుక్కున్న పన్నునూ చుట్టూ ఉన్న గడ్డనూ తీసి, కుళ్లకుండా ఫార్మలిన్ మందునీళ్ల సీసాలో వేసి పంపాడు. క్యాన్సరైతే దవడ ఎముక తీసేయాలి. తేల్చాల్సింది ఈ ముక్కే. ఇంకోటి లేదు.

మునీశ్వరి మూత తీసి ఉలిక్కిపడింది.

"ఏందప్పా ఇది? బ్రాందీ వాసన కొడతాండాది!"

"బస్సులో ఆ మందునీళ్ల ఘాటుకు అందరి కండ్లూ మండినాయమ్మా. పారబొయ్యి, లేదంటే దిగు అన్న్యాడు కండక్టరు. వట్టి నీళ్లల్లో కుళ్లిపోతాదని పలమనేరులో క్వార్టర్ కొని పోసినా."

"నువ్వు ఒక గుక్కన్నా తాగకుండా?"

"పూలమ్మ మీద ఒట్టు!"

ఆమెకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. వెంటనే ముక్కను ఫార్మలిన్‌లో వేసింది. కొంతైనా నిలిచుంటుంది, చూద్దామన్నాడు ల్యాబు డాక్టర్ రామచంద్ర.

ఆ సీసాలో మందునీళ్లెందుకో చెంగల్రాయుడికి ఒక్కరూ చెప్పలేదు. పెళ్లాం దవడ ముక్కను ఒక కూలీ ఒళ్లో పెట్టుకుని ఊళ్లు దాటాల్సిన వైద్యం మనది. చెడిపోయి ఉంటే మాత్రం నింద అతనికే.

పన్ను కత్తికి తెగదు. పలుచని యాసిడ్‌లో రోజుల తరబడి నానబెట్టి సున్నం కరిగించాలి. చెంగల్రాయుడు వచ్చినప్పుడల్లా తొందరపెట్టాడు.

"ఘాటుది పొయ్యమ్మా, బిరీన అయిపోతాది. మేం బండకు మందు పెట్టి పేల్చేస్తాం."

"పేలిస్తే కంకరే గదప్పా మిగిలేది. సూడ్డానికేముంటాది? ఓర్సుకో."

పన్ను సూది దిగేంత మెత్తబడ్డాక మైనంలో పొదిగి, ఉల్లిపొర కంటే పలుచగా కోసి, రంగులద్దింది. అంచులు చెడ్డాయి. నడుమ కణాలు నిలిచాయి. డాక్టరు చాలాసేపు చూసి తలెత్తాడు.

"క్యాన్సర్ కాదు. పన్ను చుట్టూ ఊరిన నీటితిత్తి."

మునీశ్వరి పరుగున బయటికొచ్చి చెప్పింది. బెంచీ మీద పూలమ్మ పక్కన కూర్చున్న చెంగల్రాయుడు భోరుమన్నాడు.

"ఊరుకోయ్యా, అందరూ సూస్తాండారు," అని కసిరి, పూలమ్మ మునీశ్వరి వైపు తిరిగింది. "అయితే దవడ తియ్యరా?"

"తియ్యరమ్మా."

"సంగటి తినొచ్చునా?"

"పుండు మాననీ. మెత్తగా కెలికించుకుని తిను."

"కెలికేది ఎవురు? నేనే గదమ్మా!" అంది పూలమ్మ, వాచిన చెంపతోనే నవ్వుతూ.