హారన్ కొడితే ఆగిపోయిన ట్రాలీ

ముందే ఒప్పుకుంటున్నాను, నాది గోరంతను కొండంత చేసే నోరు. మా పాత పికప్ వయసు సాగర్ డ్యాము కంటే రెండేళ్లు ఎక్కువ. దాని వెనక మిరపబస్తాల ట్రాలీ తగిలించి దిగుడులో బ్రేకు వేస్తే, ట్రాలీ ఆగకుండా వచ్చి బండిని నెట్టేది.

"ఈసారి అది తోసిందంటే నేను బస్సెక్కుతా. మీరూ ఆ ట్రాలీ కలిసి కాపురం చేసుకోండి," అంది మా ఆవిడ.

దాంతో మాచర్లలో మెకానిక్ భాయ్ దగ్గర ట్రాలీకి కరెంటు బ్రేకులు, వాటిని నడిపే కంట్రోలర్ పెట్టించాను. మనం బ్రేకు తొక్కిన సంగతి కంట్రోలర్‌కు తెలియాలంటే ఒక తీగను బ్రేకులైటు స్విచ్చికి కలపాలి. భాయ్ దాన్ని హారన్‌కు కలిపాడు. మన రోడ్ల మీద బ్రేకు కంటే ముందు కొట్టేది హారనే కదా!

బజారులో లక్ష గొర్రెలు అడ్డమొస్తే హారన్ కొట్టాను. ట్రాలీ నేలలో పాతుకుపోయింది. కొట్టినకొద్దీ బండి కదలదు.

"ఏంది మామా, గొర్రెలకి కాపలా కాస్తన్నావా?" అన్నాడు కాపరి.

భాయ్ పక్కనే ఉన్న షెడ్డులోంచి పరుగెత్తుకొచ్చి పగలబడి నవ్వాడు. "అన్నా, బ్రేకులు చానా బాగా పట్టినయ్! తీగ మారిస్తే సరి."

మార్చాడు. కారంపూడి దారిలో దిగుడు వచ్చింది. బ్రేకు తొక్కాను. ట్రాలీ కొత్తకోడలిలా వెనకే నెమ్మదించింది. పక్కసీట్లో మా ఆవిడ డోరు పిడి వదిలేసి, వేరుశనక్కాయలు ఒలిచి నా చేతిలో పెట్టింది.

గొర్రెలు ఇరవై ఉంటాయేమో, పెంచి చెప్పడం నా అలవాటు. పచ్చి అబద్ధం మాత్రం ఒక్కటే. భాయ్ టీకి వెళ్లినప్పుడు ఆ తీగను హారన్‌కు కలిపింది నేనే.