బొమ్మకు సరిచేసిన నోరు

ఆ రోజు పదకొండు గంటలకు ఎనిమిదో తరగతిలో నా బొమ్మ నేనే చేసుకుంటున్నాను. నేను వ్యాసర్‌పాడిలో ఒక స్కూల్లో డ్రాయింగ్ మాస్టర్ని. పురాతన మాయా నాగరికత శిల్పుల మట్టి మనుషులను ఫొటోల్లో చూపించి, ఆ పద్ధతిలో ఎవరి బొమ్మ వాళ్లను చేయమన్నాను. చెవులకు పెద్ద చక్రాలు, తల మీద తమ పని తెలిపే కిరీటం. నా కిరీటంలో కుంచెలు పెట్టాను. ముఖాన్ని మాత్రం బల్ల మీది అద్దంలో చూస్తూ చేశాను.

"సార్, మీ బొమ్మకు నోరు ఒక పక్క జారిపోయిందే!" అంది ముందు బెంచీలోని కవిత. అందరూ నవ్వారు.

అద్దంలో చూశాను. తప్పు బొమ్మది కాదు. నా నోరే ఎడమవైపు జారి ఉంది. ఎడమ చేతిలో మట్టి నిలవడం లేదు. నేనేం చేశానో చెప్పడానికి ఈ రోజుకీ సిగ్గుగా ఉంది. బొటనవేలితో బొమ్మ పెదవిని పైకి నెట్టి, "ఇప్పుడు సరిపోయిందా?" అని పిల్లలకు చూపించాను.

పన్నెండున్నరకు వాషర్‌మెన్‌పేటలోని ఇంటికి వచ్చాను. నా భార్య సరోజ గుమ్మంలోనే పట్టేసింది.

"నోరు ఒక పక్కకు పోతా ఉండాదండీ. ఆటో పిలుస్తా, ఆస్పత్రికి పోదాం."

"ఫ్యాన్ గాలి కొట్టింది. పడుకుంటే పోతుంది. నస పెట్టొద్దు," అని గదిలోకి వెళ్లి గడియ వేసుకున్నాను. ఆమె తలుపు తడుతూనే ఉంది. ఐదింటికి మెలకువ వచ్చేసరికి ఎడమ చెయ్యి లేవలేదు. గడియ తీయడానికే చాలాసేపు పట్టింది.

క్యాజువాలిటీలో డాక్టర్ మొదటి ప్రశ్న: "ఎన్నింటికి మొదలైంది?" నాకు నాలుక తిరగలేదు. సరోజ పన్నెండున్నర అని చెప్పింది. సీటీ స్కాన్ తీశారు. "స్ట్రోక్. మెదడులో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. టైమ్ దాటిపోయింది," అన్నాడు డాక్టర్.

మా అక్క వార్డులోనే సరోజను నిలదీసింది. "మొగుడి నోరు వంకర పోతా ఉంటే సాయంత్రం దాకా ఏం చేస్తా ఉండావమ్మా? సీరియల్ చూస్తా ఉండావా?"

గడియ నేనే వేసుకున్నానని సరోజ చెప్పినా అక్క నమ్మలేదు. సరోజ నా వైపు చూసింది. మాట రాకపోయినా, ఆమె తప్పు లేదని తల అడ్డంగా ఊపగలను. ఊపలేదు. కళ్లు మూసుకున్నాను.

నెలకు మాట తిరిగొచ్చింది. నిజం మాత్రం చెప్పలేదు. తర్వాత మింగడం సరిగా కుదరక, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వచ్చింది. మళ్లీ అడ్మిషన్. నీళ్లు సరిగా పట్టలేదని ఆ నింద కూడా సరోజ మీదే పడింది.

వేళ్లకు బలం రావాలంటే మట్టి పిసకమని ఫిజియోథెరపిస్ట్ చెప్పింది. ఎనిమిదో నెలలో సంగతి తెలిసి కవిత మట్టితో పాటు నా పాత బొమ్మనూ ఇంటికి తెచ్చింది. సరోజ దాన్ని తిప్పి చూసింది. "ఈడ నోటి కాడ ఈ వేలి గుర్తేందండీ?"

అక్క పక్కనే కాఫీ తాగుతోంది. ఇద్దరికీ చెప్పాను, పదకొండు గంటల అద్దం నుంచి తలుపు గడియ దాకా. అక్క గ్లాసు కింద పెట్టి, సరోజ ముఖంలోకి చూడలేకపోయింది.

"ఎనిమిది నెలలు," అంది సరోజ. వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇప్పుడు సగం రోజు స్కూలుకు వెళ్తున్నాను. ఇంట్లో రెండో బొమ్మ చేస్తున్నాను. నోరు ఎలా ఉందో అలాగే. అద్దం సరోజ పట్టుకుంటుంది, ఎక్కువ మాట్లాడదు.

ఒక్క మాట. ఎవరికైనా నోరు ఒక పక్కకు జారినా, చెయ్యి బరువెక్కినా, మాట తడబడినా వెంటనే గడియారం చూసి టైమ్ గుర్తుపెట్టుకోండి. "పడుకుంటే పోతుంది" అని రోగి అంటే నమ్మకండి. అతను గదిలోకి వెళ్లి గడియ వేసుకోకముందే ఆటో పిలవండి.