చూరు కింద కూర్చున్న కక్షిదారు

2023 చలికాలంలో నేను విశాఖపట్నంలో ఒక జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీకి క్లెయిమ్స్ మేనేజరుని. అదే నా చివరి పోస్టింగు. రోడ్డు ప్రమాదాల్లో గాయపడ్డవాళ్ళు ట్రిబ్యునల్లో వేసే కేసులు నా బల్ల మీదకి వచ్చేవి. లోక్ అదాలత్‌లో రాజీకి పెట్టేముందు వాళ్ళతో మాట్లాడి బేరం తెంపడం నా పని. పేరుకి అధికారినే గాని, చేసింది మా నాన్న చేసిన పనే. ఆయన కొండ సంతల్లో చింతపండు, పిప్పళ్ళు కొనేవాడు. ఆ పనికి నేను టై కట్టుకున్నాను, అంతే తేడా.

ముంచింగిపుట్టుకి పైనున్న ఒక గూడెం నుంచి వచ్చిన ఫైలు అది. గాసి అనే రైతు సంతకి నడిచి వెళ్తుంటే జీపు గుద్ది తుంటి ఎముక విరిగింది. ఆ జీపుకి మా పాలసీ ఉంది. కేసు వేసి ఏడాది అయింది. మొదట్లో కర్ర పట్టుకుని వచ్చిన మనిషి తర్వాత వాయిదాలకి రావడం మానేశాడు. అతని లాయరు జ్యోతి, పాడేరు అమ్మాయి. కబురు పెడితే లేవలేకపోతున్నాడని చెప్పి పంపిస్తున్నారని అంది. లాయరు లేకుండా ఎదుటి పక్షంతో మాట్లాడటం పద్ధతి కాదు కనుక ఇద్దరం కలిసే బయల్దేరాం.

పాడేరు దాటాక రోడ్డు మంచులో కరిగిపోయింది. మా బండి ముందుకి వెళ్తోందో, కొండలే వెనక్కి జరుగుతున్నాయో తెలియలేదు. మంచు ఎక్కడైనా చిరిగితే వలిసె పూల పసుపు కొంచెం కనిపించి మళ్ళీ మూసుకుపోయేది. ఎంతసేపు ప్రయాణం చేశామో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను.

గాసి భార్య బుద్రి ఇంటి ముందు చోళ్ళు, అంటే రాగులు, చెరుగుతోంది. మమ్మల్ని అరుగు మీద కూర్చోమంది. ఆయనేడమ్మా అని అడిగితే గుమ్మం వేపు చూసింది.

"లోన ఉన్నాడు బాబూ. మీరు సెప్పండి, ఇంటాడు."

లోపలంతా చీకటి, పొయ్యి పొగ. గుమ్మం పక్కన అడ్డాకు దొప్పలో అంబలి పెట్టి ఉంది. మంచాన పడ్డవాడి కోసమేమో అనుకున్నాను. గొంతు సవరించుకుని చీకటికి నమస్కారం పెట్టాను. తీర్పు దాకా వెళ్తే ఎంత ఆలస్యమో, ఆ పైన అప్పీలంటే ఏమిటో, రాజీ అయితే ఆ బాధలేవీ ఉండవని చెప్పి ఒక మొత్తం అన్నాను. జవాబు లేదు. పెంచాను. లేదు. ఇంకోసారి పెంచాను. ధర చెప్పాక ముందు నోరు తెరిచినవాడు ఓడినట్టేనని మా నాన్న అనేవాడు. ఇంత గట్టి బేరగాణ్ణి నా సర్వీసులో చూడలేదని జ్యోతి చెవిలో అన్నాను కూడా.

బుద్రి చేట కింద పెట్టింది. "డబ్బు మాట తరవాత. ముందు ఆ మాట తీసీండి," అంది.

ఏ మాట అని అడిగాను.

"తాగీసి జీపుకి అడ్డం పడ్డాడని కోర్టుకి రాసినారంట కదా. ఆ పొద్దు ఆయన మొక్కులో ఉన్నాడు, సుక్క ముట్టనేదు. ఆ మాట ఉండగా ఇల్లు కదలడు. మరి మేం రాయి ఎలగ నిలబెడతాం?"

రాయి అనగానే జ్యోతి ముఖం మారింది. పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగి తెలుసుకుంది. వానలు మొదలైనప్పుడే గాసికి జ్వరం వచ్చి ఊపిరి ఆగిపోయింది. తుంటికీ దానికీ సంబంధం లేదు. వాళ్ళ లెక్కలో మనిషి పోయాక కూడా చూరు కిందే ఉంటాడు. పొద్దు వాలాక అంబలి పెడతారు. పంట ఇంటికొచ్చాక అతని పేర రాయి నిలబెట్టి, గూడెమంతటికీ విందు చేస్తే అప్పుడు వెళ్తాడు. అందాకా పోయాడనే మాట అనకూడదు. లాయరుకి పంపిన కబురులో వాళ్ళ వరకు అబద్ధం లేదు.

అప్పటిదాకా ధర పెంచుతూ పోయింది ఎవరికో తెలిశాక నాకు నవ్వూ రాలేదు, భయమూ వెయ్యలేదు. లోపల ఎవరో మర్యాదగా వింటున్నట్టే ఉంది.

ఇక్కడ చట్టం సంగతి కొంచెం చెప్పాలి. గాయపడ్డవాడు వేరే కారణంతో చనిపోతే, ఆ గాయం తాలూకు బాధకి పరిహారం పూర్వం అతనితోనే పోయేది. వైద్యం ఖర్చులాంటివి మాత్రం వారసులు అడగవచ్చు. మోటారు వాహనాల చట్టానికి వచ్చిన సవరణ 2022లో అమలయ్యాక, చావు దేనివల్ల వచ్చినా ఆ హక్కు వారసులకి మిగులుతోంది. అయితే వాళ్ళు గడువులోగా దరఖాస్తు పెట్టుకుని కేసులోకి రావాలి. రాకపోతే కేసు 'అబేట్' అవుతుంది, అంటే మనిషి వెనకాలే అదీ పడిపోతుంది. గడువు దాటితే, ఆలస్యానికి కారణం చూపించి కోర్టుని ఒప్పించుకోవాలి.

గాసి విషయంలో గడువు దాటిపోయింది. బుద్రి పంచాయతీలో మరణం నమోదు చేయించాలి. చేయించాలంటే పోయాడని చెప్పాలి. రాయి నిలబడితే గాని చెప్పదు. మేం రాసిన ఆ తాగుడు మాట ఉన్నంతకాలం రాయి నిలబడదు. కంపెనీ లాయరు గారికి ఇదంతా చెబితే ఆయన కులాసాగా నవ్వారు.

"మనం ఏం చెయ్యక్కర్లేదు మేనేజరు గారూ. ఊరుకోండి, ఫైలు దానంతటదే మూసుకుంటుంది."

తాగి అడ్డం పడ్డాడనే ఆ వాక్యం ఎక్కడిదో నాకు తెలుసు. కొండ కేసులకి మేం వేసే కౌంటరులో, అంటే జవాబు పత్రంలో, అలవాటుగా పడేదే. సాక్షి లేడు. జీపు డ్రైవరు కూడా అలా అనలేదు. చింతపండు కొనేవాడు బుట్టలో చెయ్యి పెట్టకుండానే గింజ ఎక్కువంటాడు. అమ్మేవాడూ పట్టించుకోడు. ఇక్కడ ఒకాయన పట్టించుకుని చూరు కింద కూర్చున్నాడు.

పై ఆఫీసుకి నోట్ రాశాను. జాలి అని రాస్తే ఆడిట్ వాళ్ళు పట్టుకుంటారు కనుక పొదుపు అని రాశాను: నిరూపించలేని వాదన, రాజీకి అడ్డం, వదులుకుంటే ఖర్చు లేదు. అనుమతి వచ్చింది. ఆ వాదన వదులుకుంటున్నామని లాయరు గారు ముఖం ముడుచుకునే ట్రిబ్యునల్లో మెమో వేశారు. జ్యోతి దాని నకలు పట్టుకెళ్ళి ఆ గుమ్మం ముందు నిలబడి గట్టిగా చదివింది. కాఫీ పళ్ళ కోత అయ్యాక రాయి నిలబెట్టారు. నమోదు అయింది. వారసురాలి దరఖాస్తు, ఆలస్యం మన్నించమనే దరఖాస్తు, రెండూ పడ్డాయి.

ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదమ్మా అని జడ్జి గారు బుద్రినే అడిగారు.

"మొన్నటిదాకా ఇంట్లోనే ఉన్నాడు బాబూ," అంది. "ఇప్పుడే ఎల్లిపోనాడు."

హాలులో ఎవరూ నవ్వలేదు. జ్యోతి లేచి ఆచారం వివరించింది. మా లాయరు గారు నా సూచన ప్రకారం అభ్యంతరం లేదన్నారు. దరఖాస్తులు రెండూ మంజూరయ్యాయి. లోక్ అదాలత్ రోజున నా పాత బుద్ధి పోనిచ్చుకోక రెండోసారి అన్న మొత్తం దగ్గర మొదలుపెట్టాను. బుద్రి నా వేపు తిన్నగా చూసింది.

"మూడోపాలి సెప్పింది ఆయన ఇన్నాడు. నానూ ఇన్నాను."

అక్కడే తెగింది.

ఆ తర్వాత నా కింద పనిచేసినవాళ్ళకి రెండు మాటలు చెప్పేవాణ్ణి. కక్షిదారు వరసగా వాయిదాలకి రాకపోతే నోటీసు కంటే ముందు మనిషిని పంపాలి. కౌంటరులో అలవాటుగా రాసే ప్రతి వాక్యాన్నీ ఎవరో ఒకరు ఇంటికి తీసుకెళ్తారు, నిరూపించలేనిది రాయకూడదు.