నూకరాజు వెనక్కి నడిచిన గది

జాలారిపేటలో ఇప్పటికీ చెప్పుకునే కథ ఒకటుంది. పెద్దవల లాగే నూకరాజుకి, సముద్రంలో పోయిన అన్న పూనాడట. అది చూసి ఫిజియో మేడం చెప్పులు వదిలేసి పారిపోయిందట. ఆ మేడం నేనే. పారిపోలేదు. ఆయన భార్య పోలమ్మ ఇచ్చిన టీ ఆఖరి గుక్క దాకా తాగి, చెప్పులు తొడుక్కునే బయటికొచ్చాను. ఇక పూనకం మాట. పూనకం వచ్చిన మనిషి ఊగుతాడు, అరుస్తాడు. నూకరాజు చేసింది పని. ఈ తేడా తెలియనివాళ్లతో వాదన అనవసరం అంటారు. నేను మాత్రం వాదిస్తాను.

కరోనా సద్దుమణిగిన ఏడాది అది. సీతమ్మధార నుంచి బండి మీద రోగుల ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేసేదాన్ని. ఇప్పటికీ అదే పని. నూకరాజుకి పార్కిన్సన్స్. ఆ జబ్బులో ‘ఫ్రీజింగ్’ అని ఒకటుంది. నడుస్తున్న మనిషి పాదాలు ఉన్నట్టుండి నేలకు అతుక్కుపోతాయి, గుమ్మాల దగ్గర మరీను. పక్క గుమ్మం దాటి పెరట్లో మరుగుదొడ్డికి ఆయన తనంతట తాను వెళ్లగలిగినంత కాలమే పోలమ్మ చేపల తట్ట ఎత్తుకుని వీధిలోకి పోగలదు. ఆ గుమ్మం ఆయన దాటలేని రోజున ఇద్దరూ మంచం పట్టినట్టే.

ఉన్నది ఒకటే పొడుగాటి గది. ముందు తలుపు తీస్తే సముద్రం. పరికరాలేమీ కొననక్కర్లేదని అందరికీ చెప్పేదే ఆయనకీ చెప్పాను: కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేవడం, కూర్చోవడం, గోడకు అరచేతులు ఆనించి తోయడం, తలుపు చట్రం పట్టుకుని మడమలు ఎత్తడం.

“గోడని తొయ్యాలా? గోడేటి సేసిందమ్మా నాకు?” అన్నాడు నూకరాజు.

“మీకు మంచే చేస్తుంది, తొయ్యండి.”

“లెగడం, కూకోడం, మళ్లీ లెగడం. ఏటి దొరుకుద్ది దాన్లో? ఉత్తినే ఒళ్లు కదపడం మా ఇంటా వొంటా లేదు.”

“జిమ్ముల్లో డబ్బులిచ్చి మరీ ఉత్తినే కదుపుతారు.”

“ఆళ్లకి పన్లేదు గావాల,” అంది పోలమ్మ, పొయ్యి దగ్గర నుంచి.

ఓడిపోవడం నాకు చేతకాదు. వల ఎలా లాగేవారో చెప్పమన్నాను. పడవ వెళ్లి వలను నెలవంకలా నీళ్లలో పరిచి వస్తుంది. ఒడ్డున మనుషులు వరసగా తాడు పట్టుకుని, మడమలు ఇసుకలో తన్ని, వెనక్కి వాలి, లయగా కేకలేస్తూ, వెనక్కే నడుస్తూ లాగుతారు. వరస చివరికి చేరినవాడు మళ్లీ నీళ్ల దగ్గరికి పోయి తాడందుకుంటాడు. ఆ లాగుడు కేక వేసుకుంటూ ఉన్నచోటే అడుగులు వెయ్యమన్నాను. దీన్ని మేం ‘క్యూయింగ్’ అంటాం. ఒంటికి అలవాటైన లయ వినబడితే ఆగిన కాలు కదులుతుంది. కదిలింది. వెనక్కి నడవడం మాత్రం వద్దే వద్దన్నాను. ఈ జబ్బున్నవాళ్లు తూలితే వెనక్కే పడతారు. తుంటి ఎముక విరిగితే మళ్లీ లేవరు.

కొన్నాళ్లకు పోలమ్మ ఫోన్ చేసింది. “డాక్టరమ్మా, పొద్దున్నే ఓపాలి రా. ఈయన సేత్తన్నది నువ్వు సెప్పింది కాదు.”

వెళ్లేసరికి తలుపు బార్లా తీసి ఉంది. నూకరాజు సముద్రం వైపు మొహం పెట్టి, పిడికిళ్లు నడుం దగ్గర బిగించి, వట్టి గాలిని పట్టుకుని వెనక్కి నడుస్తున్నాడు. వెనక గోడ దాకా వెళ్లి, పిడికిళ్లు విప్పి, చకచకా గుమ్మం దగ్గరికొచ్చి మళ్లీ పట్టు. కాలు ఒక్కచోట కూడా అతుక్కోలేదు. అది నేను నమ్మగలను. నమ్మలేనిది ఆయన వాలిన తీరు. బరువు మడమల వెనక్కి అంతగా పోతే ఎవరైనా కూలబడాల్సిందే, ఎదురుగా ఏదో లాగుతూ ఉంటే తప్ప. పడితే పట్టుకుందామని వీపు కింద చెయ్యి పెట్టాను. చేతి మీద బరువు పడలేదు.

అప్పుడు పోలమ్మ టీ గ్లాసుతో గదిని అడ్డంగా దాటింది. ఆయన పిడికిళ్లకూ గుమ్మానికీ మధ్య, ఏమీ లేని చోట, నడుం వంచి తల దించి దూరి వచ్చింది. టీ తొణకలేదు.

“ఎందుకు వంగావు పోలమ్మా?”

“తాడుంది గదమ్మా,” అంది. అన్నాక తన మాట తనకే వినబడినట్టు మొహం మారిపోయింది. “రేపు మంత్రగాణ్ని పిలిసీత్తాను,” అంది మెల్లగా.

నేను నూకరాజునే అడిగాను, ఏం లాగుతున్నారని.

“మా అన్న ఎల్లాజీని. ఆడు ఒడ్డుకి రానేదు గదమ్మా. లాగీసుకొత్తన్నాను.” ఆయాసం లేదు, గొంతులో వణుకు లేదు. “తాడు సానా వొచ్చీసింది.”

ఆపించడం నా డ్యూటీ. కానీ ఆపితే గుమ్మం దగ్గర మళ్లీ కాళ్లు అతుక్కుంటాయి. మంత్రగాడు వద్దని పోలమ్మతో పోట్లాడి ఒప్పించాను. ఇంట్లో ఉన్న పాత వలలన్నీ వెనక గోడకి మెత్తగా కుప్ప పోయించాను, పడినా దెబ్బ తగలకుండా. టీ తాగి లేచాను. చదువుకున్నదాన్ని కదా, ఆయన పిడికిళ్ల ముందు నుంచి నిటారుగా దాటి చూపిద్దామనుకున్నాను. వంగే దాటాను.

ఆయన్ను చూసే డాక్టరు గారికి చెబితే ‘పారడాక్సికల్ కైనీసియా’ అన్నారు. కదల్లేని మనిషి ఒక్కోసారి అమాంతం కదలడం. నడక సరే, మరి ఆ వాలు? నేను సరిగా చూసి ఉండనన్నారు. మనుషులు ఎలా పడతారో చూడ్డమే ఇన్నేళ్లుగా నా ఉద్యోగం అన్నాను.

ఒళ్లు ఉత్తినే కదలదని, దానికి లాగాల్సిందేదో ఉండాలని ఆ గదిలో నేర్చుకున్నాను. అందుకే ఇప్పుడు ఏ ఇంటికెళ్లినా వ్యాయామం చెప్పేముందు ఏం పని చేసేవారని అడుగుతాను. నూకరాజు ఇప్పటికీ నడుస్తున్నాడు. పోలమ్మ తట్ట ఎత్తుకుని వెళ్తూనే ఉంది. మిగతా రోగులందరినీ ఇంకాస్త గట్టిగా, ఇంకాస్త జోరుగా అని సతాయించే నేను, ఆయనతో మాత్రం “మెల్లగా లాగండి, తొందరేం లేదు” అంటాను. ఆ వల ఒడ్డున పడ్డాక ఆయన దేనికోసం అడుగు వేస్తాడో నాకు తెలియదు. అందుకే వెళ్లిన ప్రతిసారీ అడుగుతాను: నీళ్లలో ఇంకా ఎంత తాడుంది?