జెనోబీ పెరట్లో కాయని పొద

జెనోబీకి అరవై ఎనిమిదేళ్ళు. అందులో ముప్పై నాలుగేళ్ళు పీతల షెడ్డులోనే గడిచిపోయాయి. ఉడికిన పీతను విరిచి, చిన్న కత్తితో కండ తీసి డబ్బాలో వేయడం, మళ్ళీ ఇంకో పీత. వేళ్ళ నిండా గాట్లే. ఆమె కత్తికంటే నోరే పదునని షెడ్డులో ఆడవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. నిజమే మరి. మా బయూ కాలువ ఒడ్డు వీధిలో ఆమె చేత మాట పడని మనిషి లేడు, ఫాదర్ గారితో సహా.

మొగుడు తెయోజెన్ పోయి చాలా కాలమైంది. పిల్లల్లేరు. కంచెకు అవతలి ఇల్లు చెల్లెలు ఒదిల్‌ది. ఆమెకు నలుగురు పిల్లలు. ఇవతల పెరట్లో బట్టలారేసే తాడు మీద ఒక్క గౌనుంటే అవతలి తాడు తెగేటట్టు వేలాడేది. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని జెనోబీ చూసేది ఆ తాడునే.

ఇక పొద సంగతి. మేం సిరియే అంటాం, మైనపుకాయ పొద. ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది, ఆకు నలిపితే ఘుమఘుమ. వేసవిలో ఆకులు దుప్పట్ల మధ్య పెడితే పురుగు రాదు. ఆకురాలు కాలానికి కొమ్మలకు అంటుకుని బూడిదరంగు కాయలు, మిరియమంత. వాటిని నీళ్ళలో మరిగిస్తే మైనం పైకి తేలుతుంది. చల్లార్చి, పలకలా తీసి, మళ్ళీ కరిగించి, గుడ్డలో వడగట్టి, అందులో దారం ముంచి ముంచి తీస్తే ఆకుపచ్చటి మైనపువత్తి. తట్టెడు కాయలకు రెండో మూడో వత్తులు వస్తే గొప్ప.

అంత కష్టం ఎందుకంటే పునీతుల పండుగకు. అక్టోబరు ఆఖర్లో అందరం సమాధులకు సున్నం వేస్తాం. నవంబరు ఒకటిన సాయంత్రం ఫాదర్ గారు పవిత్ర జలం చల్లాక, ఇంటికి పెద్దబిడ్డ మొదటి వత్తి వెలిగించాలి. ఆ వత్తి సొంత పెరటి కాయలదై ఉండాలి. దాని తర్వాత దుకాణపు వత్తులు ఎన్ని పెట్టుకున్నా ఎవరూ ఏమీ అనరు. మొదటిది మాత్రం మన మైనమే.

జెనోబీ వాళ్ళమ్మ ఇంటి వాకిట్లో పెద్ద సిరియే గుబురుండేది. రెండు పొదలు కలిసిపోయి ఒక్కటై పెరిగినవని ఎవరికీ పట్టలేదు. కాయలు కాసేవి, అంతే. పద్నాలుగేళ్ళ కిందట తుఫాను ఆ ఇంటిని కూల్చేసింది. స్థలం అమ్మే ముందు అక్కచెల్లెళ్ళిద్దరూ పారలు పట్టుకుని గుబురు దగ్గరికెళ్ళారు. వేరు పిలకలు రెండే పనికొచ్చేలా ఉన్నాయి. ఒకటి బొద్దుగా, నిగనిగలాడుతూ. రెండోది పుల్లలా.

"పెద్దదాన్ని. నాకు ముందు," అంది జెనోబీ, బొద్దుదాని మొదట్లో పార దించేస్తూ.

"తీసుకో అక్కా. నీ చేతిలో ఏదైనా బతుకుతుంది," అంది ఒదిల్. పుల్లలాంటిదాన్ని తడిగోనెలో చుట్టుకుని వెళ్ళిపోయింది.

మూడో ఏడు అక్టోబరుకు ఆ పుల్ల విరగకాసింది. జెనోబీ పొద ఇంటి చూరు దాకా పెరిగింది, ఒక్క కాయ లేదు. ఆమె ప్రతి కొమ్మా వంచి చూసింది. పీతల పెంకులు పాతింది, బూడిద పోసింది, తిట్టింది కూడా. వీధి చివర పడవలు బాగుచేసే ఉర్సాఁ అటుగా పోతూ, "ఏం జెనోబీ, మొక్క కూడా నీలాగే పెంకిదే!" అన్నాడు. అతనన్నది పెంకితనం గురించే. ఆమెకు వినపడింది వేరే. ఆ రోజంతా అన్నం ముట్టలేదు.

అదే వారంలో ఒక పొద్దున ఒదిల్ కంచె మీదుగా వంగి, అక్క పొద మొదట్లో గిన్నెతో ఏదో పోస్తూ కనపడింది.

"ఏం పోస్తున్నావే?"

"రొయ్యల పొట్టు ఉడికించిన నీళ్ళక్కా. బలం పడుతుందని."

"ఉప్పునీళ్ళని చెప్పవేం? నా మొక్క కాయకూడదు, నువ్వొక్కదానివే గొప్పగా వెలిగించుకోవాలి. అంతేగా?"

"అయ్యో అక్కా... కాదు, తల్లి మరియ సాక్షిగా కాదు!"

"ఆమెనెందుకు లాగుతావు? నీ గిన్నె నీ దగ్గరే పెట్టుకో."

అక్కడితో మాటలు తెగిపోయాయి. ఆ పండుగ పొద్దున ఒదిల్ తన చిన్నకూతురు లూసెండ్ చేత ఒక ఆకుపచ్చ వత్తి పంపింది. "అమ్మ ఇమ్మంది పెద్దమ్మా. మొదట వెలిగించాల్సింది నువ్వేనంట," అంది పిల్ల. జెనోబీ తలుపు సగమే తెరిచి, "నాకు ముష్టి అక్కర్లేదని చెప్పు," అని మూసేసింది.

సాయంత్రం శ్మశానంలో ఆమె మొదటి వత్తి వెలిగించింది. దుకాణంలో కొన్న తెల్లటిది. జనం గుసగుసలాడారు. వెనకాల ఒదిల్ తనది వెలిగించగానే ఆ మైనం వాసన సమాధుల మధ్య అంతా పాకింది. జెనోబీ చెవులు ఎర్రబడిపోయాయి. తన తల్లి సమాధి దగ్గర తనే దొంగలా నిలబడ్డట్టనిపించింది ఆమెకు.

ఇలా ఏటా జరిగింది. ఏటా పండుగ పొద్దున లూసెండ్ వత్తి పట్టుకుని రావడం, జెనోబీ తలుపు వేసెయ్యడం. పిల్ల ఎదిగింది, పెళ్ళయింది, అయినా వచ్చేది. అదే మాట, అదే తలుపు. ఈలోగా ఊరు మారిపోయింది. రోడ్డు పక్క చిత్తడినేలంతా పూడ్చి కొత్త ఇళ్ళు కట్టారు. అడవిలా ఉండే సిరియే పొదలన్నీ యంత్రాలతో పెళ్ళగించేశారు. మా వైపు మిగిలినవి ఈ రెండే. ఒకటి కాసేది, ఒకటి కాయనిది.

కిందటేడు లూసెండ్ మొక్కలమ్మే తోటలో పనికి చేరింది. ఆ పండుగనాడు ఒదిల్ తనే కంచె దగ్గరికొచ్చింది. చక్కెర జబ్బుతో కాళ్ళు వాచిపోయి, కర్ర పట్టుకుని. చేతిలో వత్తి.

"అక్కా, ఒక్క మాట విను. ఈ మొక్కల్లో ఆడవి వేరు, మగవి వేరట. లూసెండ్ చెప్పింది. నీది మగది. అది కాయదు. కానీ వసంతంలో నీదాని పుప్పొడి గాలికొచ్చి పడితేనే నాది కాస్తుందట. చుట్టుపక్కల ఇంకోటి లేదుగా. అంటే ఈ కాయలు ఇన్నేళ్ళూ సగం నీవేనక్కా."

మా వాళ్ళకు మొక్కల్లో ఆడా మగా అంటే నవ్వొస్తుంది. జెనోబీకి నవ్వు రాలేదు.

"గొడ్డుదని తిన్నగా అనడానికి నోరు రాక, కథలల్లుకొచ్చావా? కాయలు సగం నావా? మరి నీ నలుగురు పిల్లల్లో ఇద్దరు నావేనా? పంపు, ఇవాళే పంపు!"

 ఒదిల్ వత్తిని గౌను జేబులో పెట్టుకుని మెల్లగా వెళ్ళిపోయింది.

మర్నాడు తెల్లారగానే జెనోబీ గొడ్డలి తీసింది. ఆ వయసులో, ఆ నడుంతో, మధ్యాహ్నం దాకా నరికింది. తెల్లటి చెక్కలు పెరడంతా ఎగిరిపడ్డాయి. అవతలి కిటికీలోంచి "అక్కా, వద్దే! అక్కా!" అని ఒక గొంతు వస్తూనే ఉంది. ఆ గొంతు వినపడేకొద్దీ ఆమె ఇంకా గట్టిగా వేసింది దెబ్బ. పొద మొత్తం పడిపోయాక, మోడు మీద కూర్చుని ఆయాసపడుతూ, "ఇక చూస్తా నువ్వెవరి సగం పంచుతావో," అంది. ఆ మాట అనకపోయినా బాగుండేది.

శీతాకాలం పోయింది, వసంతమూ పోయింది. ఆగస్టు ఆఖర్లో పెద్ద తుఫాను. తొమ్మిది రోజులు కరెంటు లేదు. మూడో రోజు చీకటి పడేసరికి ఒదిల్ కిటికీలో చిన్న వెలుగు, దాంతోపాటు ఆ వాసన గాలికి కొట్టుకొచ్చింది. జెనోబీ కిరోసిన్ దీపం ముందు కూర్చుని పళ్ళు నూరింది. "ఊరంతా చీకట్లో చస్తుంటే ఈవిడగారికి పండుగ! డాబు కాకపోతే ఏంటి?" అని గోడతో చెప్పుకుంది. ఠపామని కిటికీ మూసేసింది.

పదో రోజు కరెంటొచ్చింది. ఆ పొద్దునే ఒదిల్ పోయింది.

కబురు తెచ్చింది లూసెండే. ఈసారి జెనోబీ తలుపు మూయలేకపోయింది. గడప మీదే కూర్చుండిపోయింది. "నాకంటే ఆరేళ్ళు చిన్నదే," అని ఒకటే మాట, ఎన్నిసార్లు అందో. పెట్టెలో చెల్లెల్ని చూసినప్పుడు ఏడుపు రాలేదు. ఇంటికొచ్చి, కంచె అవతల మట్టిలో చెల్లెలి కర్ర చేసిన గుంట చూసినప్పుడు వచ్చింది.

అక్టోబరు వచ్చింది. జెనోబీ ఒదిల్ సమాధికి తనే సున్నం వేసింది. రెండు పూతలు. ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వలేదు. సున్నం వేస్తూనే నిర్ణయించుకుంది. మొదటి వత్తి తనే చెయ్యాలి, ఒదిల్ పొద కాయలతోనే చెయ్యాలి. పదకొండేళ్ళు వద్దన్నది ఇప్పుడు అడగాలంటే సిగ్గే. అయినా మర్నాడు డబ్బా పట్టుకుని చెల్లెలి పెరట్లోకి వెళ్ళింది. తలుపు మూసుకున్న ఇన్నేళ్ళలో ఆ గేటు దాటడం అదే మొదలు.

పొద బాగానే ఉంది. పచ్చగా, నిండుగా, తుఫానుకు ఒక్క కొమ్మే విరిగి. ఆమె ఆ కొమ్మ పట్టుకుని చూసింది. ఇంకో కొమ్మ. లోపలి కొమ్మలు, కింది కొమ్మలు. కాయల్లేవు. మోకాళ్ళ మీద కూర్చుని పొదలోకి దూరి వెతికితే ఆరో ఏడో దొరికాయి, అవీ తాలువి. డబ్బా అడుగున గలగలమన్నాయి.

లూసెండ్ వంటింటి తలుపు దగ్గర నిలబడి చూస్తోంది.

"ఈ ఏడు కాయలేదు పెద్దమ్మా."

"ఎందుకని?"

 లూసెండ్ కంచె అవతల మోడు వైపు చూసింది. జెనోబీ కూడా అటే చూసింది. 

"అది చెప్పింది," అంది చివరికి జెనోబీ. "దాని నోటితో అది చెప్పింది. నేనే..."

"చెప్పింది."

జెనోబీ పొదలోంచి లేచింది, గౌనుకు అంటుకున్న ఆకులు దులుపుకోకుండానే. ఉన్నట్టుండి గుర్తొచ్చింది. "ఆ వత్తులు! నువ్వు ఏటా తెచ్చేదానివే, అవేం చేసేది మీ అమ్మ?"

"దాచేది. బీరువాలో నీ పేరు రాసిన డబ్బాలో. ఎప్పటికైనా తీసుకుంటావని."

"ఎన్నున్నాయి?"

"పదకొండు ఉండేవి."

"ఒకటివ్వు. ఒక్కటి చాలు తల్లీ. దానికి వెలిగించాలి."

లూసెండ్ చేతిగుడ్డతో మొహం తుడుచుకుంది. గొంతులో కోపం లేదు, అలసటే ఉంది.

"తుఫానుకి కరెంటు పోయింది కదా పెద్దమ్మా. అమ్మకు చీకటంటే భయం పట్టుకుంది ఆఖర్లో. ఇంట్లో వేరే వత్తుల్లేవు, దుకాణాలు మూసేశారు. అక్కవి ముట్టుకోవద్దే అని రెండ్రోజులు ఏడ్చింది. మూడో రోజునుంచి నేనే వెలిగించాను. తొమ్మిదో రోజుకి అయిపోయాయి."

జెనోబీ డబ్బాను రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడింది. తను ఠపామని మూసిన కిటికీ అక్కడినుంచి సరిగ్గా ఎదురుగా కనపడుతోంది.

"వాసనొచ్చింది నాకు," అంది. "డాబనుకున్నాను."

లూసెండ్ లోపలికెళ్ళి కాఫీ పెట్టింది. జెనోబీ తాగలేదు.

పండుగ సాయంత్రం శ్మశానమంతా తెల్లటి సమాధులు, చేతుల్లో పువ్వులు, పిల్లల అరుపులు. ఫాదర్ గారు జలం చల్లుకుంటూ ఒదిల్ సమాధి దాటి వెళ్ళారు. ఒదిల్ పిల్లలు నలుగురూ వెనక్కి జరిగి పెద్దమ్మకు దారి ఇచ్చారు. "నువ్వు ముందు పెద్దమ్మా," అంది లూసెండ్.

జెనోబీ సంచిలోంచి దుకాణంలో కొన్న తెల్లవత్తి తీసింది. అగ్గిపుల్ల మూడుసార్లు గీసింది. అంటుకుంది. ఏ వాసనా రాలేదు. ఉర్సాఁ టోపీ తీసి తల దించుకున్నాడు. ఆ ఏడు ఎవరూ గుసగుసలాడలేదు, ఎందుకంటే అక్కడ ఎవరి దగ్గరా ఆకుపచ్చ వత్తి లేదు. ఆమె వెనకాల వెలిగించడానికి చెల్లెలూ లేదు. మొదటి వత్తి జెనోబీదే, ఒక్కతే వెలిగించింది.

ఇంటికొచ్చి చూస్తే పెరట్లో మోడుచుట్టూ, ఏడాదిగా ఆమె పట్టించుకోని కొత్త పిలకలు నడుమెత్తు లేచి ఉన్నాయి, బొద్దుగా, నిగనిగలాడుతూ.