బోర్డులాయన బాణం గుర్తు

బోర్డులాయనకు కోపం ముక్కు మీదుంటుందని అందరూ అంటారు గానీ, అది నిజం కాదు. ఆయన కోపం కళ్ళలో ఉంటుంది. వీధిలో పోతూ పోతూ ఎవరో రాసిన వంకర అక్షరం కంటపడాలి, అంతే. మందుల షాపు ముందు ఆగి, "ఈ తలకట్టు చూడండి, గట్టిగా గాలి వీస్తే ఎగిరిపోయేలా లేదూ?" అని దారినపోయేవాళ్ళను పిలిచి మరీ చూపిస్తాడు. ముప్ఫై ఏళ్ళలో తను రాసిన బోర్డు ఒక్కటి కూడా తప్పని వెనక్కి రాలేదు. ఈ మాట ఆయన రోజుకొకసారి చెబుతాడు, ఆయన భార్య రోజుకొకసారి వింటుంది.

పని చేసుకునేది ఇంటి వెనక రేకుల షెడ్డులో. బోర్డును రెండు స్టూళ్ళ మీద పడుకోబెట్టి రాస్తాడు. పాత ఎక్స్‌రే ఫిల్ములు కోసి చేసుకున్న అచ్చులు గోడకు వేలాడుతుంటాయి. బాణం గుర్తు అచ్చు ఎవరి పక్కటెముకల మీద కోసిందో గానీ, వెలుతురుకు పెడితే ఎముకలు ఇంకా కనిపిస్తాయి. ఒకవైపు రాసి, ఆరనిచ్చి, తిరగేసి, అదే అచ్చుతో రెండోవైపు. చెరువు పార్కులో కొత్తగా వేసిన కాలిబాటకు తొమ్మిది బోర్డులు అలాగే రాసిచ్చాడు. "రెండువైపులా అచ్చుగుద్దినట్టు ఉంటాయి. వెంట్రుకవాసి తేడా వస్తే నన్నడగండి" అని చెప్పి మరీ పంపాడు.

బోర్డులు పాతారని తెలిసిన ఆదివారం, భార్యనూ బావమరిది దంపతులనూ వెంటబెట్టుకుని పార్కుకు వెళ్ళాడు. పేరుకు పిక్నిక్కు. అసలు సంగతి భార్యకు తెలుసు. అందుకే గేటు దాటి భోజనాల మైదానంలో అడుగుపెట్టగానే ఆయన చేతికి దుప్పటి కొస ఇచ్చింది.

"ఏమండీ, బోర్డులెక్కడికీ పోవు. ముందు ఇది పరవండి."

బావమరిదీ అతని భార్యా పడవెక్కారు. అతను ముందుకూ ఆవిడ వెనక్కూ తెడ్డు వేయడంతో పడవ ఉన్నచోటే గానుగలా తిరిగింది. దిగాక, ఇంతకంటే నడకే నయమనుకుని చెరువు చుట్టూ వేసిన కాలిబాట పట్టారు. గుడ్లు ఒలిచి, బ్రెడ్డు పరిచి, పళ్ళు కోసి ఇక్కడ వీళ్ళు ఎదురుచూస్తూనే ఉన్నారు. గంటన్నర తర్వాత ఇద్దరూ మోకాళ్ళదాకా బురదతో వచ్చారు. ఆవిడకు ఒక కాలికే చెప్పుంది.

"ఇదేం అవతారం?" అన్నాడు బోర్డులాయన.

"మీ బాణం పట్టుకునే వెళ్ళామన్నయ్యగారూ" అంది ఆవిడ. "భోజనాల మైదానం అని చూపిస్తే చెరువులో దిగాం."

"కప్పలు భోంచేస్తున్నాయి బావా. మమ్మల్నీ కూర్చోమన్నాయి" అన్నాడు బావమరిది.

బోర్డులాయనకు ఒళ్ళు మండిపోయింది. "నా బాణమా? పాతినవాడు తిప్పి పాతుంటాడు. చేసినవాడి కష్టం పాతేవాడికేం తెలుసు?" అంటూ, భార్య పిలుస్తున్నా వినకుండా గేటు పక్క సూపర్‌వైజరు గదిలోకి దూసుకుపోయాడు.

సూపర్‌వైజరుకు ఈ బురద కొత్త కాదు. పోయినవారం కూడా ఇద్దరు ముగ్గురు వచ్చి తిట్టిపోయారు. తప్పెవరిదో తేలక ఇన్నాళ్ళూ ఆ తిట్లు ఆయనే మోశాడు. ఇప్పుడు బోర్డు రాసిన మనిషే వచ్చి చెబుతుంటే ఇంకేం కావాలి? తోటమాలిని పిలిపించాడు. మనిషి పెద్దవాడు, చేతులనిండా మట్టి.

"ఉన్నదున్నట్టే పాతానండీ" అన్నాడు తోటమాలి.

"నోర్ముయ్. రాసినాయనే చెబుతున్నాడు. తప్పు ఒప్పుకుని సంతకం పెట్టు, రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదు."

"అలా గడ్డి పెట్టండి" అన్నాడు బోర్డులాయన.

సూపర్‌వైజరు రాసిన కాగితం పట్టుకుని, బావమరిది దంపతులనూ పిలుచుకుని అందరూ ఆ బోర్డు దగ్గరికి నడిచారు. పడవల వైపు తిరిగిన ముఖం మీద భోజనాల మైదానం అని ఉంది. పక్కన బాణం కుడివైపుకు చూపిస్తోంది. మైదానం కూడా కుడివైపే ఉంది. బోర్డులాయన ఒక్క క్షణం తెల్లబోయి, వెంటనే బావమరిది మీద విరుచుకుపడ్డాడు.

"ఇంత చక్కగా ఉంటే నీకేం రోగం? చదువుకోలేదట్రా నువ్వు?"

"బావా, మేం వచ్చింది అటునుంచి."

బోర్డులాయన బోర్డు వెనక్కి వెళ్ళాడు. అదే అక్షరం, అదే రంగు, అదే బాణం. వెంట్రుకవాసి తేడా లేదు. కుడివైపుకు తీర్చిదిద్దినట్టు చూపిస్తోంది. ఆ వైపు రెల్లుగడ్డి, బురద, దాని వెనక చెరువూ ఉన్నాయి. ఆయన తన కుడిచెయ్యి చాపి చూసుకున్నాడు. ఇటు వచ్చి మళ్ళీ అదే చెయ్యి చాపాడు. చెయ్యి మైదానాన్ని చూపించింది. మళ్ళీ అటు వెళ్ళాడు. చెయ్యి చెరువును చూపించింది. షెడ్డులో పడుకున్న బోర్డుకు ముందూ వెనకా లేకపోయాయి గానీ, ఇక్కడ నిలబడ్డదానికి ఉన్నాయి.

బోర్డు అవతల సూపర్‌వైజరు గొంతు వినిపించింది. "ఇదిగో, ఇక్కడ పెట్టు."

"కళ్ళద్దాలు తెచ్చుకోలేదండీ. ఏం రాశారో చదివి చెబితే పెడతాను" అన్నాడు తోటమాలి.

"బోర్డు తిప్పి పాతడం నా నిర్లక్ష్యమే..."

వెనక నిలబడ్డ ఆయనను ఎవరూ అడగలేదు. ముప్ఫై ఏళ్ళ పేరు ఇంకో నిమిషం నోరు కట్టుకుంటే నిలబడేదే. బోర్డులాయన గబగబా ఇటు వచ్చి ఆ కాగితం లాక్కున్నాడు.

"పాతడం సరిగ్గానే పాతాడు. రాసినవాడికి బుద్ధి లేదు."

సూపర్‌వైజరు నోరు తెరిచాడు. "రాసింది మీరే కదండీ?"

"నేనే. అయితే? బోర్డులు దింపుకునేటప్పుడు వెనకాలేముందో చూసుకోవద్దూ? ఇంతమంది ఉన్నారే, ఒక్కడైనా అటు తిరిగి నడిచి చూశాడా? వచ్చి పెద్దాయన మీద పడితే చాలనుకున్నారా?"

ఆయన మీద పడమన్నదెవరో బావమరిది చెప్పబోయాడు. అతని భార్య కాలు తొక్కింది, చెప్పున్న కాలితో.

బోర్డులాయన కాగితం తిరగేసి, సూపర్‌వైజరు పెన్నుతోనే రాశాడు. తప్పు బోర్డు రాసినవాడిది, పాతినవాడిది కాదు. అంత కోపంలోనూ అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. సూపర్‌వైజరు దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తోటమాలి గొంతు సవరించుకున్నాడు. "ఇంకా ఎనిమిదున్నాయండీ."

"తెలుసు" అని కసిరాడు బోర్డులాయన. "గోనెసంచులున్నాయా?"

"ఉన్నాయండీ."

"పురికొస?"

"అదీ ఉంది."

"అయితే పదండి. రేపు రంగు తెచ్చి దిద్దేదాకా వెనకవైపులన్నీ మూసేద్దాం."

"ఏమండీ, తిని వెళ్ళండి" అని భార్య కేకేసింది.

"నాకాకలి లేదు" అన్నాడాయన, గుడ్ల వైపు చూడకుండా.

తోటమాలి సంచులతో ముందు నడిచాడు. వెనక ఈయన ఒక్కో బోర్డునూ, దాన్ని రాసిన చేతినీ, ఆ చెయ్యి పుట్టిన వేళనూ తిట్టుకుంటూ తాడు బిగించాడు. ఎనిమిదింట్లో ఆరు తప్పే. మిగిలిన రెండింటి బాణాలూ తిన్నగా పైకి చూపిస్తాయి, చెరువు చుట్టూ ఎటు తిరిగినా ముందుకే నడవాలి కాబట్టి బతికిపోయాయి. వాటి దగ్గర కూడా ఆయన కాసేపు అటూ ఇటూ తిరిగి, అనుమానంగా నిలబడ్డాడు.